గృహస్థయోగి శ్యామాచరణ లాహిరీ మహాశయుడు

వైరాగ్యమనగానే కాషాయవస్త్రమును, కమండలువును, అరణ్యమును మన కన్నులయెదుట నిలుచును. ఆలుబిడ్డలను పోషించుకొనుచు, కచేరిలో లెక్కలు వ్రాయుచు విరాగియై యుండుట సాధ్యమా యను సందేహము గృహస్థులకు సహజము. ఆ సందేహమునకు లాహిరీ మహాశయుని జీవితమే సమాధానము.

ఈ మహనీయుడు వంగదేశమున నదియాజిల్లాలోని ఘూర్ణీ గ్రామమున 1828 సెప్టెంబరు 30వ తేదీన జన్మించెను. బాల్యముననే మాతృవియోగము కలిగెను. కుటుంబము కాశికి చేరెను. అచ్చట సంస్కృతాంగ్లముల నభ్యసించి, 1846లో కాశీమణీదేవిని పరిణయమాడి, పిదప సైనిక యింజనీరింగు శాఖలో లెక్కల గుమాస్తాగా ప్రవేశించెను.

1861లో రాణిఖేతునకు బదిలీ కాగా, ఆ హిమాలయప్రాంతమున బాబాజీ యను యోగీశ్వరుడు ఆయనకు క్రియాయోగము నుపదేశించెనని శిష్యపరంపర చెప్పుచున్నది. శిష్యుడు గురుసన్నిధిని విడువనొల్లడయ్యెను. గురువు మాత్రము సంసారమునకు మరలి, అందుండియే గృహస్థులకు మార్గము చూపుమని యాజ్ఞాపించెను. వనవాసముకంటె కఠినమైన తపస్సిది! అది మొదలు 1886లో పింఛను పుచ్చుకొనువరకు ఉద్యోగధర్మమును, యోగాభ్యాసమును జోడుగా నడపెను.

పతంజలి చిత్తవృత్తినిరోధమునకు అభ్యాసవైరాగ్యములను సాధనములుగ నిరూపించెను. కోపమున ఊపిరి వడిగొనుటయు, ఏకాగ్రతతో చదువునపుడు మందగించుటయు ఎల్లరెరిగినదే. క్రియాయోగమున సాధకుడు శ్వాసను ఎరుకతో నడపుచు ప్రాణాపానములను సమమొనర్చును. శ్వాస నెమ్మదించినకొలది మనస్సును నెమ్మదించును. అపుడు ఫలాసక్తి పండిన పండు తొడిమను వీడినట్లు తనంత తానే సడలును. కర్తవ్యము మాత్రము సాగుచునే యుండును. గీత చతుర్థాధ్యాయమందలి ప్రాణాపానయజ్ఞము ఈ సాధనకు మూలమని ఆయన సంప్రదాయము.

ఆయన ముంగిట కులమతభేదము లేదు. హిందువులేగాక మహమ్మదీయులును, క్రైస్తవులును ఉపదేశము పొందిరి. సన్న్యసింప నుత్సహించినవారిని తొందరపడవలదని వారించెడివాడు. అదేకాలమున కాశిలో వసించి 1887లో దేహము చాలించిన త్రైలింగస్వామి, మన విజయనగరప్రాంతమువారని ప్రతీతి. ఆయన దిగంబరుడై చూపిన నిస్సంగత్వమునే మహాశయుడు పంచెకట్టి, సంసారమధ్యమున చూపెను.

1895 సెప్టెంబరు 26న మహాశయుడు సిద్ధిపొందెను. మణికర్ణికాఘట్టమున గృహస్థోచితముగనే అంత్యక్రియలు జరిగెను.

సోదరులారా! ధనమును, విద్యయు అందరికి సమముగ లభింపవు, ఊపిరి లభించినది. దానిని గురుముఖమున తెలిసికొని, దినమునకు కొంతసేపైన నిలుకడతో గమనించినచో, ఇల్లు విడువకయే ఇంటిపై మమకారమును విడువవచ్చును. శుభమస్తు.