జి.డి. నాయుడు

జి.డి. నాయుడు 1893వ సంవత్సరంలో కోయంబత్తూరు సమీపాన గల కలంగల్‌లో, తెలుగువారైన రైతుల ఇంట జన్మించారు. బడి చదువు ఆయనకు రుచించలేదు. ఒక ఆంగ్ల అధికారి మోటారు సైకిలును చూసి ముగ్ధులై, హోటలులో సర్వరుగా పనిచేసి, పైకం కూడబెట్టి దానిని కొన్నారు. బండెక్కి ఊరేగడం కాదు, దానిని విప్పి, ఏ భాగం ఏ పని చేస్తుందో గ్రహించి, తిరిగి బిగించడమే ఆయన చదువైంది. 1920లో పొల్లాచి, పళనిల నడుమ ఒక్క బస్సుతో వ్యాపారం ఆరంభించి, తానే నడిపారు. 1937లో స్వదేశీ విద్యుత్ మోటారు తయారీలో పాలుపంచుకొన్నారు. 1952లో సామాన్యుని కోసం రెండువేల రూపాయల ధరకే ఇద్దరు కూర్చునే పెట్రోలు కారును రూపొందించారు. దాని ఉత్పత్తికి ప్రభుత్వం లైసెన్సు నిరాకరించింది. ఆ కారు సామాన్యుని వాకిటికి చేరనేలేదు. 1974లో ఆయన కన్నుమూశారు.