వినూ మన్కడ్

కోవూరు ప్రాంతపు వరిచేలలో కోతలు ముగిసిన పిదప పిల్లలు మూడు కర్రలు పాతి క్రికెట్ ఆడడం మొదలుపెడితే, పూట గడవకముందే ఒక తగవు పుట్టక మానదు. బౌలరు చేతినుండి బంతి వెలువడక మునుపే అవతలి కొననున్న ఆటగాడు గీత దాటి పరుగుకు సిద్ధపడతాడు. బౌలరు ఆగి, ఆ కొనలోని వికెట్లను పడగొడతాడు. అది ఔటా, కాదా? ఔటే అయినా ధర్మమా? బేస్‌బాల్ ఆటలో ఈ చిక్కు లేదు. అక్కడ పరుగు తీసేవాడు ముందుగా కదలడమూ, బంతి విసిరేవాడు అతనిని పట్టించడమూ ఆటలో భాగాలే. ఫీల్డరుకు అతడు అడ్డుపడ్డాడా లేదా అన్న అంపైరు తీర్పుమీద అక్కడ వివాదాలు చెలరేగుతుంటాయి. క్రికెట్‌లో మాత్రం గీత దాటినవానికంటె ఔట్ చేసినవానికే ఎక్కువ నింద దక్కింది. ఆ నిందను తన పేరుతో మోయవలసివచ్చిన మహాక్రీడాకారుడు వినూ మన్కడ్.

ఆయన 1917 ఏప్రిల్ 12న జామ్‌నగర్‌లో జన్మించారు. అసలు పేరు ముల్వంత్‌రాయ్ హిమ్మత్‌లాల్ మన్కడ్. వినూ అన్నది ముద్దుపేరు. ఇంగ్లండు ఆటగాడు ఆల్బర్ట్ వెన్స్‌లీ శిక్షణలో ఎడమచేతి స్పిన్ బౌలింగును అలవరచుకున్నారు. 1946లో ఇంగ్లండు పర్యటనకు వెళ్లి, వేయికి పైగా పరుగులు చేసి, నూరుకు పైగా వికెట్లు పడగొట్టారు.

స్వాతంత్ర్యం వచ్చిన కొద్ది నెలలకే భారత జట్టు ఆస్ట్రేలియాకు వెళ్లింది. సిడ్నీలో జరిగిన ఒక పోటీలో ప్రత్యర్థి బ్యాట్స్‌మన్ బిల్ బ్రౌన్ పదేపదే ముందుగా గీత దాటుతుండగా, మన్కడ్ తొలుత హెచ్చరించి, వినకపోగా రనౌట్ చేశారు. 1947 డిసెంబరు 13న అదే నగరంలో జరుగుతున్న రెండవ టెస్టులో బ్రౌన్ తిరిగి అదే పని చేశాడు. ఈసారి మన్కడ్ హెచ్చరించలేదు. వికెట్లు పడ్డాయి; 18 పరుగుల వద్ద బ్రౌన్ వెనుదిరిగాడు. అంపైరు తీర్పులో నియమవిరుద్ధమైనది ఏదీ లేదు. అయినప్పటికీ ఆస్ట్రేలియా పత్రికలు మన్కడ్ క్రీడాస్ఫూర్తిని శంకించాయి. ఆ విధమైన ఔటుకు ఆయన పేరునే తగిలించాయి. విశేషమేమంటే, నష్టపోయిన జట్టుకు నాయకుడైన డాన్ బ్రాడ్‌మన్ తన ఆత్మకథలో మన్కడ్ పక్షమే వహించారు. ముందుగా కదిలి అనుచిత లాభం పొందజూచినవాడు బ్యాట్స్‌మనే కదా!

విమర్శలకు మన్కడ్ మాటలతో బదులు వెతుక్కోలేదు. అదే పర్యటనలో మెల్‌బోర్న్‌లో 116, 111 పరుగులతో రెండు శతకాలు సాధించారు.

1952 ఫిబ్రవరిలో మద్రాసు చేపాక్ మైదానంలో ఇంగ్లండుతో టెస్టు జరిగింది. నెల్లూరు అప్పటికి ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది. తొలి ఇన్నింగ్స్‌లో మన్కడ్ 55 పరుగులిచ్చి 8 వికెట్లు తీశారు. వారిలో నలుగురు ఆయన బంతులకు మోసపోయి గీత దాటి ముందుకు రాగా, వికెట్‌కీపర్ ప్రొబీర్ సేన్ స్టంప్ చేశాడు. గీత విడిచిన బ్యాట్స్‌మన్‌ను ఈ కొనలో హెచ్చరిక లేకుండా ఔట్ చేస్తే నేర్పు. ఆ కొనలో చేస్తే అపరాధం! ఈ తేడాకు తర్కం చూపడం కష్టమే. రెండవ ఇన్నింగ్స్‌లో మరో 4 వికెట్లు ఆయనకే దక్కాయి. భారతదేశం ఇన్నింగ్స్ 8 పరుగుల తేడాతో గెలిచింది. టెస్టు క్రికెట్‌లో మన దేశానికి అదే తొలి విజయం.

ఆ ఏడాది జూన్‌లో లార్డ్స్ మైదానంలో ఆయన చేసినది నేటికీ ఆశ్చర్యం గొలుపుతుంది. 72, 184 పరుగులు చేసి, మొత్తం 97 ఓవర్లు బౌలింగ్ చేశారు. ఇంతచేసినా భారత్ ఓడిపోయింది. 1956 జనవరిలో మద్రాసులోనే న్యూజిలాండుపై 231 పరుగులు చేసి, పంకజ్ రాయ్‌తో కలిసి తొలి వికెట్టుకు 413 పరుగులు జోడించారు. ఆ ప్రపంచ రికార్డు 2008 వరకు చెక్కుచెదరలేదు. మొత్తం 44 టెస్టులలో 2,109 పరుగులు, 162 వికెట్లు ఆయన ఖాతాలో చేరాయి. 1973లో భారత ప్రభుత్వం పద్మభూషణ్ పురస్కారంతో గౌరవించింది. 1978 ఆగస్టు 21న బొంబాయిలో ఆయన కన్నుమూశారు.

ఇన్ని ఘనకార్యాలు ఉన్నా, క్రికెట్ లోకం ఆయన పేరును ఎక్కువగా తలచినది ఆ ఒక్క రనౌట్ సందర్భంలోనే. ఒక భారతీయ యోధుని పేరును నిందావాచకంగా వాడడం తగదని సునీల్ గవాస్కర్ పలుమార్లు అభ్యంతరం తెలిపారు. పేరే పెట్టవలసివస్తే గీత దాటిన బ్రౌన్ పేరు పెట్టాలన్నది ఆయన వాదన. 2021లో అంతర్జాతీయ క్రికెట్ మండలి మన్కడ్‌కు తన కీర్తిమందిరంలో స్థానం కల్పించింది. మరుసటి ఏడాది అక్టోబరు 1 నుండి అమలులోకి వచ్చిన మార్పులతో ఈ ఔటును అనుచిత ప్రవర్తనకు సంబంధించిన నియమంనుండి తొలగించి, సాధారణ రనౌట్ నియమంలో చేర్చారు. అప్పటికి సిడ్నీ సంఘటన జరిగి దాదాపు 75 ఏళ్లు.