కొండను పార్కుగా మార్చారు.. నగరం చుట్టూ గీత గీశారు! శాంటియాగోను మార్చేసిన వికూన్యా మకెన్నా కథ ఇదీ

చిలీ రాజధాని శాంటియాగో నడిబొడ్డున ఓ చిన్న కొండ ఉంది. పేరు శాంటా లూసియా. చుట్టూ ఉన్న వీధుల నుంచి చూస్తే ఎత్తు 70 మీటర్లకు మించదు. రాతి మెట్లు, ఫౌంటెయిన్లు, చెట్ల నీడ.. పైకి ఎక్కితే నగరమంతా కళ్ల ముందు ఉంటుంది. ఆ కొండ మీదే ఓ చిన్న ప్రార్థనా మందిరం, అందులో ఓ సమాధి కనిపిస్తాయి. ఒకప్పుడు బోడి బండగా ఉన్న ఈ కొండను పార్కుగా మార్చిన మనిషే అక్కడ నిద్రపోతున్నారు. ఆయనే బెంహమిన్ వికూన్యా మకెన్నా.

నగరాన్ని ఆయన పాలించింది మూడేళ్లే. కానీ 150 ఏళ్లయినా శాంటియాగో ఆయన్ను మర్చిపోలేదు. కొందరు నగరానికి అందం తెచ్చిన మనిషి అంటారు. మరికొందరు పేదలను నగరం బయటకు నెట్టిన మనిషి అంటారు. అసలు ఎవరీయన? ఏం చేశారు?

19 ఏళ్లకే జైలు.. ఆడవేషంలో పరారీ

1831 ఆగస్టు 25న శాంటియాగోలో పుట్టారు వికూన్యా మకెన్నా. మామూలు కుటుంబం కాదు. తల్లి తండ్రి హువాన్ మకెన్నా ఐర్లాండ్‌లో పుట్టి, చిలీ స్వాతంత్ర్య పోరాటంలో జనరల్‌గా పనిచేశారు. తండ్రి తండ్రి ఫ్రాన్సిస్కో రమోన్ వికూన్యా కొంతకాలం దేశానికి తాత్కాలిక అధ్యక్షుడు.

ఇంత పెద్దింటి పిల్లాడు హాయిగా చదువుకుని లాయర్ అవుతాడనుకుంటే, కుర్రాడు రాజకీయాల్లో దూకాడు. చేతివృత్తుల వాళ్లు, చదువుకున్న యువకులు కలిసి పెట్టుకున్న సమానత్వ సంఘంలో చేరారు. 1851 ఏప్రిల్‌లో శాంటియాగోలో ప్రభుత్వంపై సైనిక తిరుగుబాటు జరిగింది. అందులో పాల్గొన్నందుకు జైల్లో వేశారు. అప్పటికి ఆయన వయసు 19. కొన్ని నెలలకే ఆడవేషం వేసుకుని జైలు నుంచి తప్పించుకున్నారు. ఉత్తరాదికి వెళ్లి మళ్లీ పోరాడారు. తిరుగుబాటు ఓడిపోవడంతో దేశం విడిచారు.

ఆ తర్వాత కాలిఫోర్నియా, మెక్సికో, యూరప్ చుట్టేశారు. ఇంగ్లండ్‌లో వ్యవసాయ శాస్త్రం చదివారు. తిరిగొచ్చి లా పూర్తి చేశారు. అయినా దూకుడు తగ్గలేదు. రాజ్యాంగాన్ని మార్చాలంటూ పత్రిక పెట్టారు. 1858 డిసెంబర్‌లో మళ్లీ అరెస్ట్. 1859 మార్చిలో ప్రభుత్వం ఆయన్ను, మరికొందరు నేతలను ఓడ ఎక్కించి ఏకంగా ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌కు పంపించేసింది.

కాలం మారింది. రెండుసార్లు దేశం దాటాల్సి వచ్చిన మనిషి 1860వ దశకంలో పార్లమెంటు సభ్యుడయ్యారు. 1865లో స్పెయిన్‌తో యుద్ధం వచ్చినప్పుడు చిలీ ప్రభుత్వమే ఆయన్ను ప్రతినిధిగా అమెరికాకు పంపింది. న్యూయార్క్‌లో స్పానిష్ భాషలో పత్రిక నడిపి చిలీ తరఫున ప్రచారం చేశారు.

మూడేళ్ల పదవి.. 20 పనుల ప్లాన్

అసలు కథ 1872లో మొదలైంది. అధ్యక్షుడు ఫెదెరికో ఎర్రాసురిస్ సన్యార్తు ఆయన్ను శాంటియాగో ఇంటెండెంట్‌గా నియమించారు. మన దగ్గర కలెక్టర్, మేయర్ చేసే పనులు రెండూ ఒకే మనిషికి అప్పగిస్తే ఎలా ఉంటుందో, ఆ పదవి అలాంటిది. ప్రజలు ఓటేసి ఎన్నుకునేది కాదు. అధ్యక్షుడు ఇచ్చేది.

అప్పటికి శాంటియాగో జనాభా లక్ష దాటింది. పల్లెల నుంచి పని కోసం జనం వచ్చిపడుతున్నారు. మట్టి గోడలు, గడ్డి కప్పులతో గుడిసెలు వెలిశాయి. మంచినీళ్లు చాలవు. మురుగు వీధుల్లోనే పారేది. వానాకాలంలో మపోచో నది ఉప్పొంగితే భయం. అదే ఏడాది మశూచి విరుచుకుపడింది. అంటే ఆయన కుర్చీలో కూర్చునేసరికి నగరం చావుబతుకుల్లో ఉంది.

ఆయన కళ్లలో మాత్రం పారిస్ ఉంది. విశాలమైన రోడ్లు, పార్కులతో కొత్తగా మారిన పారిస్‌ను స్వయంగా చూసి వచ్చారు. శాంటియాగోను అలా చేయాలన్నది కల. 20 పనులతో ప్లాన్ రాసి పుస్తకంగా అచ్చు వేయించారు. తాగునీరు, నదికి గట్లు, కొత్త మార్కెట్లు, స్కూళ్లు, కూడళ్లు, మూసుకుపోయిన వీధులు తెరవడం, దక్షిణ వైపు మురికివాడలను మార్చడం.. అన్నీ అందులో ఉన్నాయి.

బండరాయి మీద తోట

వాటిలో అందరి కళ్లూ పడింది శాంటా లూసియా మీద. 1541లో స్పెయిన్ నుంచి వచ్చిన పెద్రో దె వల్దీవియా శాంటియాగోకు పునాది వేసింది ఈ కొండ పక్కనే. స్వాతంత్ర్య పోరాట కాలంలో స్పెయిన్ సైన్యం దీనిపై కోటలు కట్టింది. తర్వాత పట్టించుకున్న నాథుడు లేడు. క్యాథలిక్ శ్మశానాల్లో చోటు దక్కని వాళ్లను ఈ కొండ వాలులోనే పాతిపెట్టేవారు.

1872 జూన్‌లో పని మొదలైంది. ఖైదీలను కూలీలుగా దింపారు. రాళ్లు పగలగొట్టారు, దారులు తొలిచారు, మట్టి మోసుకొచ్చి చెట్లు నాటారు. ఖజానా డబ్బు సరిపోలేదు. ధనవంతుల దగ్గర చందాలు అడిగారు. సొంత డబ్బూ పెట్టారు. 1874 నాటికి బోడి కొండ తోటైంది. అక్కడ పాతిపెట్టిన వాళ్లను కూడా ఆయన వదిలేయలేదు. భూమ్మీదా, స్వర్గంలోనూ చోటు దొరకని వాళ్ల జ్ఞాపకార్థం అంటూ ఓ ఫలకం పెట్టించారు.

రింగ్ రోడ్డు.. లోపల ఎవరు? బయట ఎవరు?

ఇక్కడే కథ మలుపు తిరిగింది. ఆయన ప్లాన్‌లో మరో పెద్ద పని నగరం చుట్టూ రింగ్ రోడ్డు. ఇరువైపులా చెట్లు, మంచి గాలి, బండ్లకు దారి. వినడానికి బాగానే ఉంది. కానీ ఆ రోడ్డు ఓ సరిహద్దు గీత కూడా. గీత లోపలిది అసలు నగరం. నీళ్లు, రాళ్లు పరిచిన వీధులు, దీపాలు, పోలీసులు.. మున్సిపాలిటీ డబ్బు ముందు అక్కడే ఖర్చు కావాలి. గీత బయట ఉన్నది ఆయన దృష్టిలో నాగరికత చేరని వేరే ఊరు. ఆ పేటల గురించి రాసినప్పుడు ఆయన వాడిన మాటలు ఇవాళ చదివినా ముల్లులా గుచ్చుకుంటాయి.

రోగం గుడిసెల నుంచి పెద్దిళ్లకు పాకుతుందన్న భయం అప్పట్లో నిజమే. మశూచి అందరినీ వణికించింది. గుడిసెలు తీసేసి మంచి ఇళ్లు కట్టాలన్న ఆలోచన కూడా ఆయనకు ఉంది. కానీ జరిగిందేంటి? తోటకు డబ్బు దొరికింది. పేదల ఇళ్లకు దొరకలేదు. జనం తాగి, పాడి, ఆడుకునే చింగానాలు అనే పాకల మీద మాత్రం ఆంక్షలు వచ్చాయి. రింగ్ రోడ్డు కూడా ఆయన హయాంలో కొంతవరకే పూర్తయింది. మపోచో నదికి గట్లు కట్టింది ఆయన చనిపోయాకే.

యువకుడిగా సమానత్వ సంఘంలో తిరిగిన మనిషే, పదవిలోకి వచ్చాక నగరాన్ని లోపల, బయట అని విడదీశారు. ఆయన జీవితంలో చరిత్రకారులు ఇప్పటికీ తేల్చుకోలేని ముడి ఇదే.

అధ్యక్ష పదవికి అడుగు దూరంలో

1875లో ఇంటెండెంట్ పదవి వదిలేసి అధ్యక్ష ఎన్నికల్లోకి దిగారు. అప్పటి చిలీలో అధికారంలో ఉన్న వాళ్లు ఎవరిని చూపిస్తే వాళ్లే గెలిచేవారు. వికూన్యా మకెన్నా ఆ లెక్క తప్పిద్దామనుకున్నారు. రైలెక్కి ఊరూరా తిరిగారు. సభలు పెట్టి జనంతో నేరుగా మాట్లాడారు. అప్పటివరకు చిలీలో అలాంటి ప్రచారం పెద్దగా ఎవరూ చూడలేదు.

జనం వచ్చారు. కానీ ప్రభుత్వం మద్దతు అనీబల్ పింటోకు దక్కింది. పోటీ నిజాయితీగా జరగదని తేలిపోవడంతో 1876లో ఓటింగ్‌కు ముందే ఆయన తప్పుకున్నారు. పింటో అధ్యక్షుడయ్యారు. ఒకప్పుడు తనను నియమించిన ప్రభుత్వమే ఇప్పుడు ఆయన దారికి అడ్డుగా నిలిచింది.

ఆయన ఇంట్లో కూర్చోలేదు. సెనేటర్‌గా కొనసాగారు. 1879లో పెరూ, బొలీవియాలతో యుద్ధం మొదలయ్యాక కలం ఆగలేదు. యుద్ధం గురించి, చనిపోయిన సైనికుల గురించి పేజీలకు పేజీలు రాశారు. జీవితం మొత్తంలో ఆయన రాసినవి వందకు పైనే. చిలీ చరిత్ర రాసే వాళ్లు ఇప్పటికీ వాటిని తిరగేయాల్సిందే.

1886 జనవరి 25న శాంటా రోసా దె కోల్మోలోని తన ఎస్టేట్‌లో కన్నుమూశారు. వయసు 54 మాత్రమే. ఆయన తోటగా మార్చిన శాంటా లూసియా కొండ మీదే సమాధి చేశారు.

గీత ఇంకా ఉందా?

రింగ్ రోడ్డు కోసం ఆయన ఎంచుకున్న తూర్పు వైపు దారి ఇప్పుడు ఆయన పేరుతోనే ఉంది. వికూన్యా మకెన్నా అవెన్యూ. అది ప్లాజా ఇటాలియా అనే కూడలి దగ్గర మొదలవుతుంది. శాంటియాగోలో ఎవరినడిగినా చెబుతారు.. ఆ కూడలికి పైన ఉన్నవాళ్లది ఒక జీవితం, కింద ఉన్నవాళ్లది ఇంకో జీవితం అని.

2019 అక్టోబర్‌లో మెట్రో చార్జీల పెంపుతో మొదలైన నిరసనలు దేశాన్ని కుదిపేశాయి. అక్టోబర్ 25న పది లక్షలకు పైగా జనం రోడ్డెక్కారు. వాళ్లంతా చేరింది ఆ ప్లాజా ఇటాలియాలోనే. వాళ్ల కోపం అసమానతల మీద. అక్కడి నుంచి శాంటా లూసియా కొండకు నడిచి వెళ్లొచ్చు.

ఆయన నాటిన తోట కింద ఇప్పుడు అందరూ కూర్చుంటున్నారు, ధనవంతులూ పేదలూ. టికెట్ అడిగే వాళ్లు లేరు. కానీ గీతకు బయట మిగిలిపోయిన వాళ్ల ఇంటికి నీళ్లు, రోడ్డు ఎప్పుడొస్తాయన్న ప్రశ్న ఒక్క శాంటియాగోది కాదు. ఏ నగరాన్ని అందంగా మారుస్తామని ఎవరు చెప్పినా అడగాల్సిన ప్రశ్న అదే.