హేబర్ చివరి పని
ఎరువులకు కావాల్సిన అమ్మోనియాను గాలిలోని నైట్రోజన్‌తో తయారుచేసి నోబెల్ అందుకున్న ఫ్రిట్జ్ హేబరే, 1915లో ఈప్ర్ వద్ద క్లోరిన్ వాయుదాడిని నడిపించారు. కొద్ది రోజులకే భార్య క్లారా ఆత్మహత్య చేసుకున్నారు. జర్మనీకి అంత చేసినా యూదు మూలాలే అడ్డొచ్చాయి. 1933లో యూదు సిబ్బందిని తొలగించాలని నాజీలు ఆదేశిస్తే, తానే రాజీనామా చేసి కేంబ్రిడ్జ్ వెళ్లారు. 1934 జనవరిలో బాసెల్‌లో మరణించారు.

జోసెఫ్ వైస్‌తో చేసిన చివరి పని మాత్రం రసాయన శాస్త్రం దాటి పెద్దగా ఎవరికీ తెలియదు. ఇనుము హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను విడగొడితే హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుందని ఇద్దరూ ప్రతిపాదించారు. కణపొరలోని కొవ్వు నుంచి ఆ రాడికల్ ఒక హైడ్రోజన్‌ను లాగేస్తుంది. ఖాళీ అయిన చోట ఆక్సిజన్ చేరి, దెబ్బ పక్క కొవ్వుకు పాకుతుంది. ఇనుము ఆసరాతో కొవ్వులు ఇలా పాడై కణం చనిపోవడాన్ని 2012 నుంచి ఫెరోప్టోసిస్ అంటున్నారు.