ఆర్యభటుడు

భారతీయ గణితవేత్తలలో ఆర్యభటుడు ప్రాతఃస్మరణీయుడు. ప్రాచీన గ్రంథకర్తలు తమను గూర్చి చెప్పుకొనుట అరుదు. ఆర్యభటుడు మాత్రం కలియుగంలో 3600 సంవత్సరాలు గడచేనాటికి తనకు 23 ఏళ్లు నిండాయని తెలిపాడు. దీనినిబట్టి ఆయన క్రీ.శ. 476లో జన్మించాడని పండితులు నిర్ణయించారు. 629లో వ్యాఖ్యానం రచించిన మొదటి భాస్కరుడు ఆయనకు అశ్మకదేశంతో సంబంధం చెప్పాడు. అశ్మకం గోదావరీ తీరాన వర్ధిల్లిన జనపదం. ఆయన శాస్త్రం గౌరవం పొందిన చోటు కుసుమపురం. అదే పాటలీపుత్రమని వ్యాఖ్యాతల వివరణ.

ఆయన రచించిన 'ఆర్యభటీయం' 121 పద్యాల చిన్న గ్రంథం. అందులో గణితపాదం 33 పద్యాలు. అంకశ్రేఢికి అందులో చోటు దక్కింది. సమానమైన హెచ్చుతో సాగే సంఖ్యల వరుసయే అంకశ్రేఢి. మొదటి సంఖ్యను ప్రాచీనులు ఆది అనీ, హెచ్చును చయమనీ, పదాల సంఖ్యను గచ్ఛమనీ వ్యవహరించారు.

దీపోత్సవంలో మొదటి వరుసన 7 దీపాలు, ఆపైన వరుసవరుసకు 4 చొప్పున అధికంగా ఉన్నాయనుకుందాం. 20వ వరుసలో ఎన్ని దీపాలు? మొదటి వరుసకు హెచ్చు లేదు కనుక చయం 19 మారులే చేరుతుంది. 19ని 4తో గుణించగా 76. దానికి ఆదియైన 7 కలుపగా 83. ఆద్యంతాలైన 7, 83ల మొత్తాన్ని పదసంఖ్యలో సగమైన 10తో గుణిస్తే దీపాలన్నీ 900. ఆర్యభటుడు శ్రేఢీ మొత్తాన్ని రాబట్టే ఈ మార్గాన్ని ఒక్క పద్యంలో ఇమిడ్చాడు. మొత్తం తెలిసినప్పుడు పదసంఖ్యను వర్గమూలం సాయంతో కనుగొనే రీతిని మరుసటి పద్యంలో వివరించాడు.

ఈ సూత్రం తరువాతివారికి శిరోధార్యమైంది. 628లో గ్రంథం రచించిన బ్రహ్మగుప్తుడూ ఇదే చెప్పాడు. కాని భూమి తన చుట్టూ తాను తిరుగుతున్నదన్న ఆర్యభటుని సిద్ధాంతాన్ని ఆయనే తీవ్రంగా ఖండించాడు. పడవలో పోయేవానికి ఒడ్డు వెనుకకు సాగినట్లే మనకు నక్షత్రాలు పడమరకు సాగినట్లు తోస్తున్నాయని ఆర్యభటుని భావన. గ్రహణాలకు కారణం నీడలేయని కూడా ఆయన నిరూపించాడు. ఆయన అనుయాయులైన వ్యాఖ్యాతలు సైతం భూభ్రమణాన్ని అంగీకరింపజాలక ఆ పద్యానికి వేరొక అర్థం కల్పించారు. లెక్కను నమ్మినవారే ఆ లెక్క వేసినవాని చూపును నమ్మలేకపోయారు.

1975 ఏప్రిల్ 19న అంతరిక్షంలో ప్రవేశించిన మన తొలి ఉపగ్రహానికి ఆయన పేరే పెట్టారు. లోకం సమ్మతింపకున్నా గణించి తెలుసుకున్న సత్యాన్ని దాచక చెప్పడమే శాస్త్రజ్ఞుని ధర్మమని ఆర్యభటుని చరిత్ర బోధిస్తున్నది.