ఒంగోలు కొండపై ప్రార్థన: లైమన్ జ్యూవెట్టు దొరగారి చరిత్రము

క్షమ యనగా ఏమియు చేయలేనివాడు ఊరకుండుట యని కొందరు తలచెదరు. అది సరికాదు. పగ తీర్చుకొనగల శక్తి యుండియు, కొట్టినవాని మేలు కోరుటయే క్షమ. ఇట్టి క్షమకు మన కడప సీమకు ఈశాన్యముననున్న ఒంగోలులో ఒక నిదర్శనము కలదు.

లైమన్ జ్యూవెట్టు దొరగారు 1813వ సంవత్సరమున అమెరికా దేశమున జన్మించిరి. 1849లో భార్యయగు యుఫేమియా దొరసానితో నెల్లూరు చేరి, తెలుగు నేర్చి, క్రైస్తవ బోధకులుగా పనిచేసిరి. శ్రమ పెక్కు, ఫలము స్వల్పము. 1853లో అమెరికాలోని ఆల్బనీ నగరమున కూడిన వారి సంఘమువారు నెల్లూరి పని మూసివేయవలయునా యని చర్చించి, తుదకు సాగింపనే నిశ్చయించిరి.

ఆ యేటి చివర దొరగారు సంచారము చేయుచు ఒంగోలు వచ్చిరి. వీధులలో బోధింపగా జనులు తిట్టిరి, రాళ్లు రువ్విరి. అది కుంఫిణీవారి కాలము. అధికారులకు మొర పెట్టుకొనుట ఒక తెల్లదొరకు కష్టము కాదు. కాని ఆయన మొర వేరొక చోటికి పోయినది.

1854 జనవరి 1వ తేదీ వేకువజామున దొరగారు, దొరసాని, నర్సు అను తెలుగు బోధకుడు, జూలియా, రూతు అను ఇరువురు స్త్రీలు ఊరి ప్రక్కనున్న కొండ నెక్కిరి. క్రింద రాళ్లు రువ్విన యూరే కనబడుచుండెను. ఐదుగురును ఒకరి వెనుక నొకరు ప్రార్థించిరి. ఆ యూరికి శిక్ష కావలయునని కాదు, అచ్చట నిలిచి బోధించు మనుష్యుని దేవుడు పంపవలయునని. దొరగారు ఆ బోధకుని యింటికి తగిన స్థలమును సైతము కొండమీదినుండి చూపిరి.

ప్రార్థన ఫలించుటకు పండ్రెండేండ్లు పట్టినది. 1862లో ఆయన స్వదేశమునకు పోగా, సంఘమువారు మరల పని మానుకొనజూచిరి. ఎవరు తోడు రాకున్నను తాను తెలుగువారి కడకే మరలి పోయెదనని ఆయన పట్టుబట్టిరి. ఆ పట్టుదల చూచి వారు క్లౌ అను యువకుని వెంట పంపిరి. ఆ క్లౌ దొరగారు 1866లో ఒంగోలున కాపురముండిరి. 1867 జనవరి 1న ఎనిమిదిమందితో అచ్చట సంఘ మేర్పడెను.

పిమ్మట 1876 మొదలు 1878 వరకు ధాత కరువు రాయలసీమనేగాక ఒంగోలు సీమను సైతము కాల్చివేసెను. క్లౌ దొరగారు బకింగుహాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని, మతభేదము చూడక, వచ్చిన వారికి పని యిచ్చి కూలి చెల్లించిరి. అన్నముకొరకు మతము పుచ్చుకొందురేమోయని ఆ కాలమున బాప్తిస్మము లిచ్చుట మానివేసిరి. రాళ్లు రువ్విన సీమకు ఆ ప్రార్థన కూడు పెట్టినది.

జ్యూవెట్టు దొరగారు తెలుగు బైబిలు పరిష్కరణమునందును పాటుపడి, 1897లో అమెరికాలో పరమపదించిరి. ఆ కొండను ప్రార్థన కొండయని నేటికిని పిలుచుచున్నారు.

గట్టు తగవు తాతనాడు పుట్టి మనుమలనాటికిని చావకుండుట మన సీమలో క్రొత్త కాదు. పొలము భాగము పంచుకొన్నట్లు పగను సైతము పంచుకొనుచున్నాము. ఒక్కనాటి వేకువ, పగవాని యింటివైపు తిరిగి, వాని బిడ్డలు చల్లగా నుండవలయునని కోరుకొన్నచో ఆ భాగము అచ్చటనే తెగిపోవును.