నాన్నలకూ చోటున్న పార్కు

వాల్ట్ డిస్నీ అనగానే పిల్లలకు మిక్కీ మౌస్ గుర్తొస్తుంది. ఆయన చిన్నతనంలో మాత్రం ఆటకు సమయమే లేదు. 1901లో షికాగోలో పుట్టారు. కుటుంబం కాన్సాస్ సిటీకి మారాక తండ్రి ఇలియాస్ పేపర్ ఏజెన్సీ తీసుకున్నారు. తొమ్మిదేళ్ల వాల్ట్, అన్న రాయ్‌తో కలిసి తెల్లవారకముందే ఇంటింటికీ పేపర్ వేసేవాడు. మంచు కురిసినా తప్పదు. తండ్రి పని కాబట్టి జీతమూ లేదు. ఎవరి వరండాలోనైనా పిల్లలు వదిలేసిన బొమ్మలు కనిపిస్తే కాసేపు ఆడుకుని, మళ్లీ పరుగు. తర్వాత క్లాసులో కునికిపాట్లు. ఇలాంటి పిల్లవాడిని మార్కుల గురించి కాదు, ముందు నిద్ర గురించి అడగాలి.

1928లో మిక్కీ, 1937లో స్నోవైట్ వచ్చాయి. పేరొచ్చింది. శనివారాలు ఇద్దరు కూతుళ్లను లాస్ ఏంజెలెస్‌లోని గ్రిఫిత్ పార్కుకు తీసుకెళ్లేవారు. పిల్లలు రంగులరాట్నం ఎక్కితే ఆయన బెంచీ మీద పల్లీలు తింటూ కూర్చునేవారు. సంచులకు కాపలా కాసే నాన్నలు మనలో మాత్రం తక్కువా! పెద్దలూ పిల్లలూ కలిసి ఆడుకునే చోటు కావాలన్న ఆలోచన అలా పుట్టింది.

అమ్యూజ్‌మెంట్ పార్కులంటే మురికి అని భార్య లిలియన్‌కు ఇష్టం లేదు. లెక్కలు చూసే రాయ్ కూడా మొదట ఒప్పుకోలేదు. డిస్నీ తన జీవిత బీమా మీద అప్పు తెచ్చారు. ఏబీసీ టీవీకి కార్యక్రమం చేసిపెడతానని ఒప్పుకుని పెట్టుబడి సంపాదించారు. అనహైమ్‌లో 160 ఎకరాల తోటలు కొని, దాదాపు 1 కోటి 70 లక్షల డాలర్లతో, ఒక్క ఏడాదిలో డిస్నీల్యాండ్ కట్టించారు.

1955 జులై 17న ప్రారంభోత్సవం. ఆ రోజు దాదాపు అన్నీ తప్పాయి. దొంగ టికెట్లతో జనం విరగబడ్డారు. కొత్తగా వేసిన తారు ఎండకు మెత్తబడి ఆడవాళ్ల హైహీల్స్ దిగబడ్డాయి. ప్లంబర్ల సమ్మె వల్ల టాయిలెట్లా, తాగునీటి కుళాయిలా అని తేల్చుకోవాల్సి వస్తే డిస్నీ టాయిలెట్లే ఎంచుకున్నారు. పిల్లల్ని వెంటబెట్టుకుని ఊరు తిరిగినవాళ్లకు అందులోని తెలివి తెలుస్తుంది.

లోపాలు ఒక్కొక్కటే సరిచేశారు. పార్కులో నడుస్తూ చెత్త కనిపిస్తే ఆయనే వంగి తీసేవారు. రెండు నెలలు తిరక్కముందే 10 లక్షల మంది వచ్చారు.

ఫ్లోరిడాలో మరో పెద్ద పార్కు కట్టాలనుకున్నారు కానీ, సిగరెట్లు మానని డిస్నీ 1966లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో 65 ఏళ్లకే వెళ్లిపోయారు. ఒకప్పుడు వద్దన్న రాయే రిటైర్మెంట్ వాయిదా వేసుకుని దాన్ని పూర్తి చేశారు. 1971 అక్టోబరులో తెరిచినప్పుడు దానికి తమ్ముడి పూర్తి పేరే పెట్టించారు: వాల్ట్ డిస్నీ వరల్డ్.